గుంటూరు డిస్పెన్సరీ నుంచి దేశమంతా: కథోలిక వైద్య సేవ చరిత్రపై మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన అధ్యయనానికి కథోలిక ఆసుపత్రుల చరిత్రను తీసుకున్నాం. ఇవాళ 3,500కు పైగా సంస్థలున్న భారత కథోలిక ఆరోగ్య సంఘం (ఛాయ్) ప్రధాన కార్యాలయం సికింద్రాబాద్‌లో ఉంది. దాని వేరు మాత్రం గుంటూరులో ఉంది. ఈ సంగతి గుంటూరు వాళ్లకే సరిగ్గా తెలియదు. ఆ లోటు తీరాలన్నదే కార్యవర్గం కోరిక.

గుంటూరులో ఆడవాళ్ల వైద్యానికి దారి వేసింది లూథరన్ మిషన్. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా సారా కూగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచారు. కథోలికుల వైపు 1904లో హాలండ్ నుంచి జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసెఫ్) అనే సన్యాసినుల సభకు చెందిన సిస్టర్లు వచ్చారు. సేవ చేసే చేతులున్నాయి గానీ వాళ్లలో డాక్టరు లేరు. చర్చి నిబంధనే దీనికి పెద్ద అడ్డంకి. పోపు అనుమతి లేకుండా మఠవాసులు వైద్యం, శస్త్రచికిత్స చేయకూడదని 1917 నాటి చర్చి చట్టం చెప్పింది. ఘోషా పాటించే ఇళ్లలో మగ డాక్టరును గడప దాటి రానివ్వరు. కాబట్టి ఆ నిబంధన భారం చివరికి కాన్పుల్లో ప్రాణాలు పోగొట్టుకునే తల్లుల మీదే పడింది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1887లో పుట్టిన మేరీ గ్లౌరీ మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో 1910లో డాక్టరయ్యారు. 1919లో ఎం.డి. పొందారు. స్త్రీల వైద్యం, ప్రసూతి, కంటి వైద్యం ఆమె ప్రత్యేక విషయాలు. 1920 ఫిబ్రవరి 12న గుంటూరు చేరి జె.ఎం.జె. సభలో చేరారు. పోపు 15వ బెనెడిక్ట్ ప్రత్యేక అనుమతితో సిస్టర్ల డిస్పెన్సరీలో వైద్యం మొదలుపెట్టారు. మిగతా సిస్టర్లకు సాధారణ అనుమతి 1936 ఫిబ్రవరిలో గానీ రాలేదు. అంటే దాదాపు పదిహేనేళ్లు ఆమె ముందు నడిచారు, చట్టం వెనక వచ్చింది.

1927 నుంచి 1936 వరకు 6,37,000 మందికి పైగా రోగులను చూసినట్టు ఆమె పనిచేసిన ఆసుపత్రి లెక్క. పదేళ్లకు పంచితే రోజుకు సుమారు 175 వస్తుంది. సభ్యులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఏ ఆసుపత్రి ఓపీ మొత్తాన్నయినా తలల లెక్కగా చదవకూడదు. పుండుకు కట్టు మార్పించుకోవడానికి నాలుగుసార్లు వచ్చిన మనిషి నాలుగు ఎంట్రీలవుతాడు. రిజిస్టరులో కొత్త, పాత అని రెండు గడులుంటే కొత్త గడిని విడిగా కూడాలి. ఏప్రిల్ నుంచి మార్చి దాకా రాసిన పుస్తకాన్ని జనవరి–డిసెంబరు పట్టికలోకి ఎక్కిస్తే మూడు నెలలు పక్క సంవత్సరంలోకి జారిపోతాయి. పాత సావనీర్లలో అంకెలు పొంతన కుదరకపోవడానికి మామూలుగా ఈ రెండే కారణాలు.

అంత రద్దీ ఒక్క డాక్టరుతో అయ్యే పని కాదు. అందుకే ఆమె స్థానిక అమ్మాయిలకు మందులు కలపడం, కాన్పులు చేయడం, నర్సింగ్ నేర్పించారు. తెలుగు నేర్చుకున్నారు, ఇక్కడి మూలికలను అధ్యయనం చేశారు. మా దృష్టిలో ఈ వ్యవస్థకు అసలు పునాది ఈ శిక్షణే. భవనాలు దాని తర్వాతే. నేర్చుకున్న మనిషి మరో ఊరికి వెళ్లి అక్కడ పని మొదలుపెట్టగలదు.

1943 జూలై 29న ఆమె నాయకత్వంలో 16 మంది సిస్టర్లు కలిసి కథోలిక ఆసుపత్రుల సంఘం పెట్టారు. అదే ఇవాళ్టి ఛాయ్. కథోలికులకు సొంత వైద్య కళాశాల ఉండాలన్నది ఆమె కోరిక. ఆమె 1957లో బెంగళూరులో కన్నుమూశారు. అలాంటి కళాశాల, సెయింట్ జాన్స్, అదే నగరంలో 1963లో మొదలైంది.

చర్చాగోష్ఠుల్లో ఎక్కువగా వచ్చిన ప్రశ్న: ఇన్ని ఆసుపత్రులకూ యజమాని ఎవరు? ఒక్కరు కాదు. ప్రతి ఆసుపత్రీ ఒక సభదో, ఒక మేత్రాసనానిదో (బిషపు పరిధిలోని ప్రాంతం). భూమి, జీతాలు, ఆడిట్ ఎవరివి వారివే. ఛాయ్ శిక్షణ ఇస్తుంది, కార్యక్రమాలు నడుపుతుంది, ప్రభుత్వంతో మాట్లాడుతుంది. అమెరికాలో అసెన్షన్ (1999), కామన్‌స్పిరిట్ (2019) అనే కథోలిక ఆసుపత్రుల సంస్థలు విలీనాలతో ఏర్పడ్డాయి, ఒక్కో దానికి పైన ఒకే బోర్డు. మన దగ్గరి పద్ధతిలో మేలు ఏమిటంటే ఒకచోట నష్టం వస్తే మిగతావి కూలవు. కీడు కూడా ఉంది. విడివిడిగా కొంటే మందుల ధర ఎక్కువ పడుతుంది. శిక్షణ పొందిన సిస్టరుకు బదిలీ అయితే ఆమె నడిపిన క్లినిక్ మూతపడే ప్రమాదం ఉంది. సభ్య సంస్థల్లో ఎక్కువ భాగం మారుమూల ఊళ్ల చిన్న ఆరోగ్య కేంద్రాలు కాబట్టి ఈ దెబ్బ వాటికే గట్టిగా తగులుతుంది.

లాభాపేక్ష లేదంటే మిగులు ఉండకూడదని కాదు. మిగులును ఎవరూ పంచుకోకూడదు, అంతే. పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయంలో కనీసం 85 శాతం సేవా లక్ష్యానికే ఖర్చవ్వాలి. వాటాలు అమ్మి పెట్టుబడి తేలేరు. కొత్త వార్డు కట్టాలంటే విరాళమో, అప్పో, ఏళ్ల తరబడి దాచిన మిగులో కావాలి. ఎదుగుదల నెమ్మదిగా ఉండటానికి ఇదొక కారణం.

పాత రిజిస్టర్ల పరిరక్షణ శిబిరంలో చెప్పిన పద్ధతి, రాలేనివారి కోసం: ముందు తుప్పు పిన్నులు తీయాలి. లాగితే కాగితం చిరుగుతుంది, పిన్ను కాళ్లను పలచని రేకుతో పైకి లేపి తీయాలి. దుమ్మును మెత్తని బ్రష్‌తో పుస్తకం వెన్ను నుంచి బయటి అంచు వైపు తుడవాలి. గదిలో తేమ 60 శాతం దాటితే బూజు పడుతుంది. బీరువాను గోడకు ఆనించకుండా, నేలకు అర అడుగు ఎత్తులో పెట్టాలి. కలరా ఉండలు చెదలను ఆపవు. స్కానింగ్ 400 డీపీఐలో చేసి మూడు ప్రతులు ఉంచాలి, అందులో ఒకటి వేరే ఊళ్లో. రోగి పేరు, ఊరు, జబ్బు కనిపించే పేజీలు ఎవరికీ పంపకూడదు. మొత్తాలు మాత్రమే బయటకు ఇవ్వాలి.

వచ్చే ఏడాది కంపౌండర్లు, మంత్రసానులుగా శిక్షణ పొందిన వారి కుటుంబాల దగ్గరున్న సర్టిఫికెట్లు, ఫొటోలు సేకరిస్తాం. మీ ఇంట్లో ఉంటే దయచేసి లామినేషన్ చేయించవద్దు, సెల్లోటేపు అంటించవద్దు. వేడికి ప్లాస్టిక్ అతుక్కున్నాక కాగితాన్ని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. ఉన్నది ఉన్నట్టే తెండి, స్కాన్ చేసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం.