నాయనకు, జీపులో చేసిన పెట్టె గురించి

నాయనా,

అక్కడ అందరూ బాగున్నారని తలుస్తాను. పోయిన ఆదివారం జీపు వెనక చెక్కపెట్టె చేశానని చెప్పగానే నువ్వు "ఏం చెక్క, ఎంత మందం, దేనికి బిగించినావు" అని వరసగా అడిగావు, నేనేమో టైమైందని ఫోన్ పెట్టేశాను. అప్పట్నుంచీ మనసంతా అక్కడే ఉంది. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతాను కాబట్టి రాస్తున్నాను. తమ్ముడితో పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించుకుని నింపాదిగా చదువు.

ముందు బండి సంగతి. 2004 మోడల్ జీప్ రాంగ్లర్, రెండే తలుపులు, పైన గుడ్డ టాపు, వెనక కిటికీలు ప్లాస్టిక్‌వి, జిప్పు లాగితే ఊడి వచ్చేస్తాయి. మన పాత మహీంద్రా కమాండర్ జీపుకు దూరపు చుట్టమే అనుకో, రెండింటికీ మూలం ఆ రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్, మహీంద్రావాళ్లు 1947లో మన దేశంలో బిగించడం మొదలుపెట్టిందీ విల్లీస్ జీపులనే. దీనికి తాళం వేసుకునే డిక్కీ అంటూ ఏమీ లేదు. వెనక ఏం పెట్టినా దారినపోయేవాళ్లకు కనబడుతూనే ఉంటుంది. మార్చిలో ఒక కొండదారి మొదట్లో బండి ఆపి నడిచి వచ్చేసరికి ఎవరో కిటికీని కత్తితో నిలువునా కోసి పనిముట్ల సంచీ ఎత్తుకుపోయారు. సంచీ కంటే కిటికీకే ఎక్కువ ఖర్చయింది. ఇక్కడ అమెరికాలో గుడ్డ టాపు జీపులున్నవాళ్లు చాలామంది తలుపులకు తాళమే వేయరు, కావాలంటే తెరిచి చూసుకోనీ, టాపు కోయకుండా ఉంటే చాలని.

దొంగ సంగతి అలా ఉంచు, నీళ్ల డబ్బా నన్ను ఇంకా ఎక్కువ భయపెట్టింది. ఈ అరిజోనా ఎడారిలో నీళ్లు లేకుండా మట్టిదారి ఎక్కకూడదు. ఫీనిక్స్‌లో 2023లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 43కి పైన, ఎండ కాసింది. అందుకని ఐదు గ్యాలన్ల డబ్బా ఎప్పుడూ బండిలోనే ఉంటుంది, 19 లీటర్లు, 19 కిలోలు. ఒకసారి మలుపులో ఆవు అడ్డం వస్తే గట్టిగా బ్రేకు కొట్టాను, ఆ డబ్బా జారి వచ్చి నా సీటు వీపుకు ఎంత గట్టిగా తగిలిందంటే రెండు రోజులు నడుం పట్టేసింది. ఇంకాస్త వేగంలో ఉండుంటే ఏమయ్యేదో.

ఆ రోజు నువ్వే గుర్తొచ్చావు. మదనపల్లె మార్కెట్‌కు టమోటా క్రేట్లు ఎక్కించేటప్పుడు నీకు బరువుతో పేచీ ఉండేది కాదు, సందుతోనే ఉండేది. రెండు క్రేట్ల మధ్య నాలుగు వేళ్ల ఖాళీ కనబడినా దించి మళ్లీ సర్దించేవాడివి, గోనెసంచి మడిచి కుక్కేవాడివి, ఆ తర్వాతే మోకు కట్టేవాడివి. సందుంటే కాయ చితుకుతుంది, బండి కూడా ఊగుతుంది అనేవాడివి. అందుకే పెట్టె గీసేటప్పుడు సామాను ఎంత పడుతుందని లెక్క వేసుకోలేదు, ఏదీ కదలకుండా ఎలా అని మాత్రమే చూసుకున్నాను.

రెడీమేడ్ ఇనప పెట్టెలు దొరుకుతాయి, మంచివే, కానీ నేను చూసినవి ఐదారు వందల డాలర్లు. నాకు మొత్తం 143 అయింది, మన డబ్బుల్లో పన్నెండు వేల చిల్లర. ప్లైవుడ్ 62, పొడుగు బందు 18, గొళ్ళెం తాళం కలిపి 22, బోల్టులూ మూల పట్టీలూ 20, రంగూ నురుగు పట్టీ 21.

ఇక్కడ ప్లైవుడ్ నాలుగడుగులకు ఎనిమిదడుగుల పలకగా అమ్ముతారు. ముప్పావు అంగుళం మందంది తీసుకున్నాను. అరంగుళంది అయితే పది కిలోల బరువు తగ్గేది కానీ అంచులో స్క్రూ సరిగా పట్టదు, చీలుతుంది, అది నీ దగ్గర చిన్నప్పుడు చూసిందే. చెక్కపొట్టు పలకలు ఇంకా చవక, వాటి జోలికి పోలేదు, అంచుకు తడి తగిలితే ఉబ్బిపోతాయి. రెండు చక్రాల గూళ్ల మధ్య పట్టేలా 34 అంగుళాల వెడల్పు, 32 పొడవు, దాదాపు 14 ఎత్తు పెట్టుకుని కాగితం మీద మూడు రాత్రులు గీశాను. చివరికి ఒక్క పలకలోనే అడుగు, మూత, నాలుగు పక్కలు వచ్చి, లోపల అడ్డాలకు సరిపడా ముక్క కూడా మిగిలింది! ప్రతి కోతకూ రంపం తినే మందం వదలాలని నువ్వు చెప్పిన మాట లేకపోతే ఆఖరి ముక్క తక్కువ పడేది. పెద్ద కోతలు హార్డ్‌వేర్ షాపులోనే కోయించాను, మిగతావి ఇంట్లో చేతిరంపంతో కోసుకున్నాను.

మూలలన్నింటికీ ముందు జిగురు, తర్వాత స్క్రూలు, లోపల ఇనప మూల పట్టీలు. ఇక్కడి మట్టిదారులు గాడులు గాడులుగా రేకు పరిచినట్టుంటాయి, మైళ్ల కొద్దీ ఒకటే వణుకు, ఉత్త స్క్రూలు నెల తిరక్కుండా వదులైపోతాయి. బోల్టులకు మాత్రం లోపల నైలాన్ ఉండే నట్లు వాడాను, వణుకుకు తిరగవు.

ఒక తప్పు చేశాను, అది కూడా చెప్పాలి. మూతంతా ఒకే పలకగా పెట్టి, ముందు సీట్ల వైపు బందు వేశాను. షెడ్డులో భలేగా తెరుచుకుంది. బండిలో పెట్టి టాపు మూశాక చూస్తే మూత సగం కూడా లేవడం లేదు, పైన టాపు ఇనప కమ్మీకి కొట్టుకుంటోంది. పెట్టె 14, దాని మీద నిలబడే మూత 32, మొత్తం 46 అంగుళాలు కావాలి, అంత ఎత్తు అక్కడ లేదు. టాపు తీసేసి కొలతలు తీసుకున్నాను కాబట్టి తట్టలేదు. మూతను రెండుగా కోశాను, ముందు 12 అంగుళాలు బిగించేశాను, వెనక 20 తెరుచుకుంటుంది. అలా చేయడమే మంచిదైంది, బిగించిన ముక్క వల్ల పెట్టె ఇంకా గట్టిపడింది, ఆ ముక్క కింద నీళ్ల డబ్బా పడుకోబెడితే ఎగిరే దారే లేదు.

నువ్వు అడిగిన బిగింపు సంగతి. వెనక సీటు తీసేశాను, మేమిద్దరమే కదా. ఆ సీటును పట్టి ఉంచిన బోల్టు రంధ్రాలు నేలలో అలాగే ఉన్నాయి, పెట్టె అడుగును వాటికే బిగించాను. రేకుకు కొత్తగా ఒక్క రంధ్రం కూడా వేయలేదు, తుప్పు అక్కణ్ణుంచే మొదలవుతుంది. బోల్టు తల కింద పెద్ద వాషర్లు వేశాను, లేకపోతే గట్టి కుదుపుకు బోల్టు చెక్కను చీల్చుకుని పైకి వచ్చేస్తుంది. అడుగున నాలుగు మూలలా చిన్న రంధ్రాలు మాత్రం పెట్టెకు వేశాను. వానాకాలంలో టాపు తీసి ఉన్నప్పుడు ఒక్కసారి కురిస్తే నీళ్లు లోపల నిలవకూడదు. మూతకు తెల్ల రంగు వేశాను, ఎండకు కాస్తయినా తక్కువ కాలుతుందని.

లోపల మూడు గదులు. బరువైనవి అన్నీ ముందుకీ కిందికీ: నీళ్లు, జాకీ, ఇరుక్కున్న బండిని లాగే బెల్టు. మధ్యలో గాలి కొట్టే పంపు, ఎందుకంటే మట్టిదారి ఎక్కేముందు టైర్లలో గాలి సగానికి దించి, తారురోడ్డు రాగానే మళ్లీ కొట్టుకోవాలి. వెనక వంట సామాను. మిగిలిన సందుల్లో పాత దుప్పట్లు, నీ గోనెసంచుల లెక్కన. పెట్రోలు డబ్బా, గ్యాస్ సిలిండరు మాత్రం లోపల పెట్టను, మూసిన పెట్టెలో ఆవిరి నిండితే చాలా ప్రమాదం. టాపు మీద కమ్మీలు వేయించుకుని సామాను పైకెక్కించమని ఇక్కడి స్నేహితులు అన్నారు, నాకు ఇష్టం లేదు. ఏటవాలు దారిలో పైన బరువుంటే బండి ఒరుగుతుంది.

పోయిన శనివారం సెడోనా దగ్గర ష్నెబ్లీ హిల్ రోడ్డు ఎక్కాం. పేరుకే రోడ్డు, అంతా బండరాళ్లు. చుట్టూ ఎర్రటి కొండలు, సాయంత్రం ఎండకు నిప్పుల్లా ఉంటాయి, హార్సిలీ కొండ ఘాటు మీద నీ పక్కన కూర్చుని వెళ్లిన రోజులే కళ్ల ముందు ఆడాయి. పైకి వెళ్లి మూత తెరిస్తే గ్లాసులు కూడా పెట్టినచోటే ఉన్నాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను, అక్కడే ఫోటో తీసి నీకు పంపబోతే సిగ్నల్ లేదు.

ఒక్క ఇబ్బంది మిగిలింది. దారంతా మూత టపటపా కొట్టుకుంది. అంచు చుట్టూ తలుపు సందులకు అంటించే నురుగు పట్టీ వేశాను, దుమ్మయితే ఆగింది కానీ ఆ పట్టీ అప్పుడే అణిగిపోయి పలచబడింది. కమాండర్‌లో సీటు కింద నీ పనిముట్ల పెట్టె మూతకు సైకిల్ ట్యూబు కోసి వేసినట్టు గుర్తు. దాన్ని మేకులతో కొట్టావా, అంటించావా? ఒక్క వరసా, మడిచి రెండు వరసలా? పాత ట్యూబు ఒకటి తెచ్చి పెట్టుకున్నాను. శనివారం మీ పొద్దునకు ఫోన్ చేస్తాను, అప్పటికి ఆ పెట్టె ఇంకా షెడ్డులో ఉంటే ఒకసారి మూత ఎత్తి చూసి ఉంచు.

అమ్మ మోకాలి నొప్పికి మందులు సరిగా వేసుకుంటోందా, అది కూడా చెప్పు.

నీ కూతురు