ప్రభుత్వం ఫోన్ చేస్తే గుర్తుపట్టేదెలా? హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం మంత్రి శ్రీమతి వంగలపూడి అనిత గారికి, నమస్కారం.

నేను తణుకులో ఉంటున్న రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని. పెద్దవాళ్లు నలుగురు చేరిన చోటల్లా ఇప్పుడు ఒకటే కబురు: ఫలానా ఆయనకు ఫోన్ వచ్చిందట, ఇంత పోయిందట. 2024లో సైబర్ మోసాల వల్ల దేశ ప్రజలు పోగొట్టుకున్న సొమ్ము 22,845 కోట్ల రూపాయలని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. 2023లో అది 7,465 కోట్లు. ఏడాది తిరిగేసరికి మూడింతలైంది. అలాగని 2024లో జాగ్రత్తల ప్రచారానికి లోటేమీ లేదు. అక్టోబరు 27న ప్రధానమంత్రి స్వయంగా మన్ కీ బాత్‌లో డిజిటల్ అరెస్టు (వీడియో కాల్‌లో అరెస్టు చేశామంటూ బెదిరించి డబ్బు గుంజే మోసం) గురించి హెచ్చరించారు. పోలీసులు పోస్టర్లు వేశారు, బ్యాంకులు మెసేజ్‌లు పంపాయి. అయినా సొమ్ము పోతూనే ఉంది. అందుకే, ప్రజలు మారాలన్న మాట కాసేపు పక్కనపెట్టి, ప్రభుత్వం మార్చుకోవాల్సిన ఒక పని గురించి మీకు రాస్తున్నాను.

ప్రభుత్వం పేరుతో వచ్చే దొంగ ఫోన్‌ను గుర్తుపట్టమని మాకు చెబుతున్నారు. ప్రభుత్వం నుంచి వచ్చే అసలు ఫోన్ ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

మాకు వచ్చే అసలు ఫోన్ల సంగతే చూడండి. రేషన్ కార్డు ఈకేవైసీ పెండింగులో ఉంది, రేపటిలోగా రండి అని ఒకరు పిలుస్తారు. పింఛను ఇంటికొచ్చి ఇచ్చారా, మర్యాదగా మాట్లాడారా అని రికార్డు చేసిన గొంతు అడుగుతుంది, ఒకటి నొక్కమంటుంది, రెండు నొక్కమంటుంది. ఇంకొకరు ఆధార్ కార్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమంటారు. వీళ్లలో చాలామంది పిలిచేది సొంత మొబైల్ నుంచే. ఆ ఉద్యోగుల్ని తప్పుపట్టడం లేదు. వాళ్లకు ఆఫీసు టార్గెట్ ఇచ్చింది కానీ ఆఫీసు ఫోన్ ఇవ్వలేదు. ఏ పేరూ కనిపించని పది అంకెల నంబరు, కంగారు పెట్టే గొంతు, ఈ రోజే ఆఖరన్న గడువు, ఆధార్ అడగడం: దొంగ ఫోన్‌కు మీ శాఖ చెప్పే గుర్తులన్నీ ఈ అసలు ఫోన్లలోనూ ఉన్నాయి. డెబ్బై ఏళ్ల మనిషి వీటిలో ఏది నమ్మాలి, ఏది పెట్టేయాలి?

మోసగాడు వాడుకుంటున్నది సరిగ్గా ఈ అలవాటునే. 'టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ సిమ్ ఆగిపోతుంది, వివరాలకు తొమ్మిది నొక్కండి' అంటాడు. నొక్కితే మనిషి లైనులోకి వస్తాడు. మీ పేరుతో వెళుతున్న కొరియర్ పార్సిల్‌లో మత్తుమందు దొరికిందనో, మీ ఆధార్‌తో తెరిచిన ఖాతాలో హవాలా సొమ్ము పడిందనో చెబుతాడు. 'ఇది మా చేతుల్లో లేదు, ముంబయి పోలీసులకు కలుపుతున్నాను' అంటాడు. ఆ తర్వాత వాట్సాప్ వీడియోలో ఖాకీ బట్టల మనిషి, వెనకాల స్టేషన్ బోర్డు, సీలు వేసిన అరెస్టు వారెంటు. తలుపు వేసుకోండి, కెమెరా ఆపకండి, భార్యకు చెబితే ఆమె మీదా కేసు పెడతాం, ఇది జాతీయ రహస్యం. రాత్రి నిద్రలో కూడా ఫోన్ ఎదురుగా పెట్టుకోమంటారు. ఆఖరికి అసలు సంగతికి వస్తారు. మీ డబ్బు సక్రమమో కాదో రిజర్వు బ్యాంకు పరిశీలించాలి, ఈ ఖాతాకు పంపండి, తేలాక తిరిగి వేస్తాం.

మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. అరెస్టు చేసిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చేయడు, ఏ కోర్టూ ఫోన్‌లో జరిమానా వసూలు చేయదు, రిజర్వు బ్యాంకు ఎవరి సొమ్మునూ 'పరిశీలన' కోసం తన ఖాతాలో వేయించుకోదు. ఈ మాటలు పేపర్లో చదివినవాళ్లు కూడా దొరికిపోతున్నారు. వర్ధమాన్ గ్రూపు అధిపతి ఎస్.పి. ఓస్వాల్ అంతటి వ్యాపారవేత్త 2024లో 7 కోట్ల రూపాయలు పంపేశారు. సుప్రీంకోర్టు విచారణ అంటూ ప్రధాన న్యాయమూర్తి వేషంలో ఒకణ్ణి కూర్చోబెట్టి ఆయన్ను నమ్మించారు. కాబట్టి ఇలా మోసపోయినవాళ్లను తెలివిలేనివాళ్లుగా చూడటం ఆపాలి. నా చుట్టుపక్కల నేను చూసినంతలో ఈ వలలో పడేది జీవితమంతా ప్రభుత్వ కాగితానికి విలువిచ్చి బతికినవాళ్లే: టీచర్లు, గుమస్తాలు, డాక్టర్లు. ఒక్క రోజు కూడా కోర్టు మెట్లెక్కని మనిషికి వారెంటు చూపిస్తే చేతులు వణుకుతాయి. చట్టం మీద ఉన్న ఆ గౌరవాన్నే దొంగలు సొమ్ము చేసుకుంటున్నారు.

నా ఉద్యోగం కౌంటర్ వెనకే గడిచింది కాబట్టి బ్యాంకు గురించి కాస్త ఎక్కువ రాస్తాను. డిజిటల్ అరెస్టులో పెద్ద మొత్తాలు చాలాసార్లు బ్యాంకు శాఖ నుంచే కదులుతాయి. గడువుకు ముందే ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయమంటారు. కారణమడిగితే స్థలం కొంటున్నామని, కూతురి పెళ్లని చెబుతారు. ఆ అబద్ధం కూడా అవతలివాడు నేర్పించిందే. లైను ఆన్‌లోనే ఉన్న ఫోన్ జేబులో ఉంటుంది. డబ్బు వెళ్లే ఖాతా పేరేమో ఎక్కడో వేరే రాష్ట్రంలోని ఏదో ట్రేడర్స్. ఆ క్షణంలో ఆ మనిషికి బతికున్న లోకంతో మిగిలిన ఒకే ఒక్క సంబంధం కౌంటర్‌లో కూర్చున్న గుమస్తా. 2024 నవంబరులో హైదరాబాదులో ఒక ఎస్‌బీఐ శాఖ సిబ్బంది అనుమానించి, అడిగి, ఆపి, ఒక పెద్దాయనకు సొమ్ము దక్కేలా చేశారు. ఆపగలమని ఆ శాఖ చూపించింది. కానీ ఇది ఆ పూట సీటులో ఉన్న మనిషి చురుకుదనం మీద ఆధారపడకూడదు. బ్యాంకులు మీ శాఖ కింద లేవని నాకు తెలుసు. రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమితి మాత్రం మూడు నెలలకోసారి సర్కారు పెద్దల సమక్షంలోనే కూర్చుంటుంది. అరవై దాటినవాళ్లు డిపాజిట్ రద్దు చేసి, మునుపెన్నడూ పంపని ఖాతాకు పెద్ద మొత్తం పంపబోతే, మేనేజరు వాళ్లను లోపలికి పిలిచి, ఫోన్ కట్టేయించి, 'పోలీసులమని ఎవరైనా చెప్పారా' అని ఒక్క ప్రశ్న తెలుగులో అడగాలి. అనుమానం తీరకపోతే ఇంట్లోవాళ్లకో, సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కో ఫోన్ చేయాలి. దీన్ని అజెండాలో పెట్టించండి.

మిగతా మోసాలు మీ అధికారులకు కంఠతా వచ్చినవే. రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు కట్ చేస్తామనే మెసేజ్, పీఎం కిసాన్ పేరుతోనో పెళ్లి శుభలేఖ పేరుతోనో ట్రాఫిక్ చలానా పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు), పొరపాటున మీ ఖాతాలో డబ్బు వేశాను తిరిగి పంపమనే ఏడుపు గొంతు, పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్ చేసిపెడతామంటూ ఓటీపీ అడగడం. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదని, ఆ పిన్ కొట్టామంటే డబ్బు పోవడానికేనని ఇప్పటికీ చాలామందికి తెలియదు. ఏపీకే ఫైలు నొక్కితే ఫోనే వాడి చేతిలోకి వెళుతుంది, ఇక ఓటీపీ మనం చెప్పనవసరమే లేదు. ఇందులోనూ మళ్లీ అదే గమనించండి. కరెంటు ఆఫీసు, పీఎం కిసాన్, చలానా, పింఛను: నాలుగూ ప్రభుత్వం పేరు చెప్పుకునేవే.

ఇందులో మన పిల్లల కన్నీళ్లు కూడా కలిసి ఉన్నాయి. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి విశాఖ ప్రాంతపు కుర్రాళ్లను కంబోడియాకు చేర్చి, పాస్‌పోర్టులు లాక్కుని, ఇలాంటి ఫోన్లు చేయించిన వ్యవహారాన్ని 2024 మేలో విశాఖ పోలీసులే బయటపెట్టారు. అదే నెలలో కంబోడియాలోని సిహనూక్‌విల్‌లో వందల మంది భారతీయులు తిరగబడ్డారు. వాళ్లలో చాలామంది తెలుగువాళ్లే. మనతో తెలుగులో తీయగా మాట్లాడి ముంచే గొంతు వెనక కొన్నిసార్లు తిండి ఆపుతామన్న బెదిరింపు ఉందన్నమాట. తిరిగొచ్చిన ఆ కుర్రాళ్లకు తెలిసినంత ఈ మోసాల సంగతి మరెవరికీ తెలియదు. ఏ మాటకు ఎదుటివాళ్లు భయపడతారో, ఏ ప్రశ్న వేస్తే తాము లైను కట్ చేసేవాళ్లో వాళ్లు చెప్పగలరు. వాళ్లను సాక్షులుగా పిలిచి వదిలేయకుండా, గౌరవ వేతనమిచ్చి కాలేజీలకూ పెన్షనర్ల సంఘాలకూ తీసుకెళ్లండి. కమిషన్ ఆశతో తమ బ్యాంకు ఖాతాను అద్దెకిచ్చే విద్యార్థులకు కూడా వాళ్ల మాట తగులుతుంది. ఆ ఖాతాలే లేకపోతే దోచిన సొమ్ము ఊరు దాటే వీలుండదు.

డబ్బు పోయాక ఏం జరుగుతోందో కూడా మీ దృష్టికి తేవాలి. 1930కు ఫోన్ చేస్తే, డబ్బు వెళ్లిన ఖాతా ఉన్న బ్యాంకుకు ఆ ఫిర్యాదు వెంటనే చేరుతుంది, ఇంకా అక్కడే ఉన్న సొమ్ము ఆగిపోతుంది. అందుకే మొదటి గంట అంత ముఖ్యం. ఓస్వాల్ గారి సొమ్ములో 5 కోట్లకు పైగా తిరిగి రావడం ఇలా ఖాతాలు ఆపగలిగినందువల్లే. మా దగ్గర ఆ గంట ఎలా పోతుందంటే, ముందు ఇంట్లో చెప్పుకోలేక సిగ్గుతో ఒక రాత్రి గడుస్తుంది. మర్నాడు దగ్గరలోని స్టేషన్‌కు వెళితే ఇది సైబర్ వాళ్లది, జిల్లా కేంద్రానికి వెళ్లమంటారు. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దానికీ ముందు, వచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, అక్కడి కానిస్టేబులే 1930 కలిపి, ఖాతా నంబరు, లావాదేవీ నంబరు, టైము చెప్పించాలి. ఫిర్యాదు కాగితం ఆ తర్వాత రాసుకోవచ్చు. స్టేషన్ గోడ మీద ఈ వరుస రాసి పెట్టించండి. అలాగే, 'అంత చదువుకుని ఎలా పంపారండీ' అనే మాట ఏ స్టేషన్‌లోనూ వినపడకూడదని ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఆ ఒక్క మాటకు జడిసి ఫిర్యాదే చేయని పెద్దవాళ్లు నాకు తెలుసు.

డిజిటల్ అరెస్టు కేసుల దర్యాప్తును 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించింది. దొంగల్ని పట్టుకునే పని వాళ్లు చూస్తారు. రాష్ట్రం చేతిలో పూర్తిగా ఉన్న పని వేరే ఉంది. ప్రభుత్వ సంస్థలూ ఆర్థిక సంస్థలూ ప్రజలకు చేసే ఫోన్ల కోసం 160తో మొదలయ్యే పది అంకెల నంబర్లను టెలికాం శాఖ 2024 మేలోనే ప్రకటించింది. ఆ నంబరు మామూలు మనిషికి దొరకదు. మన రాష్ట్ర శాఖలు, డిస్కంలు, కార్పొరేషన్లు, పోలీసులు ప్రజలకు చేసే ప్రతి ఫోనూ, సర్వేలతో సహా, ఈ నంబర్ల నుంచే వచ్చేలా గడువు పెట్టండి. గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగులు సొంత ఫోన్ నుంచి ఆధార్, ఓటీపీ అడగడాన్ని నిషేధించండి. అడగాల్సి వస్తే ఇంటికి రావాలి, లేదా మమ్మల్ని సచివాలయానికి పిలవాలి. ప్రభుత్వ వాట్సాప్ సేవలకు 'మన మిత్ర' నంబరు 95523 00009 ఒక్కటేనని ప్రతి సచివాలయం బోర్డు మీద పెద్ద అక్షరాల్లో రాయించండి. అలా చేశాక 'ఈ నంబరు కాకపోతే పెట్టేయండి' అని మీరు మాకు ధైర్యంగా చెప్పవచ్చు. ఇప్పుడు చెప్పలేరు.

మీరు ఉపాధ్యాయురాలిగా పనిచేసి వచ్చినవారు. ఒకసారి చెప్పిన పాఠం నిలవదని మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రతి నెలా ఒకటో తేదీన ఎన్టీఆర్ భరోసా పింఛనుతో ఉద్యోగులు 60 లక్షలకు పైగా మనుషుల గుమ్మం దగ్గరికి వెళుతున్నారు. అంతమంది పెద్దవాళ్లను ముఖాముఖి కలిసే ఏర్పాటు ఇంకే ప్రచారానికీ దొరకదు. వేలిముద్ర పడేలోగా, నెలకో మోసం చొప్పున, ఒక్క నిమిషం చెప్పించండి. పోలీసు ఫోన్‌లో అరెస్టు చేయడని ఒక నెల, పిన్ సంగతి ఒక నెల, 1930 ఒక నెల. ఆ నంబరును అక్కడికక్కడే వాళ్ల ఫోన్‌లో ఎక్కించి, ఎలా పిలవాలో ఒకసారి చూపించాలి. రిటైరైన ఉద్యోగులు లైఫ్ సర్టిఫికెట్ కోసం ట్రెజరీకో బ్యాంకుకో వచ్చినప్పుడు వాళ్లకూ ఇదే చెప్పించాలి. 160 నంబర్లకు కొంత సమయం పడుతుందేమో. పింఛను రోజు చెప్పే మాటకు మాత్రం కొత్త చట్టం, కొత్త బడ్జెట్ అవసరం లేదు. వచ్చే ఒకటో తేదీకే మొదలుపెట్టమని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా