రాత్రి పూట మా గడప దగ్గర కూర్చోవద్దని వాళ్లకు చెప్పండి
జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ల మీద మా సంఘం తరఫున ప్రజావాణిలో ఇచ్చిన అర్జీలకు ప్రతిసారీ ఒకటే జవాబు. ఈ కంపెనీలు రిజర్వు బ్యాంకు పరిధిలో ఉంటాయి, జిల్లాలో బ్యాంకుల పనులు చూసే లీడ్ బ్యాంకు మేనేజరుకు పంపించాం, మీ సమస్య పరిష్కారమైంది అని ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఏమీ పరిష్కారం కాలేదు. అర్జీ మాత్రం మూసేశారు. అందుకే ఈసారి పదిమందీ చదివేలా రాస్తున్నాను.

2010లో ఇలాంటి కంపెనీల వసూళ్లకు మన పల్లెల్లో ఎంతమంది ఉసురు పోయిందో మీకు తెలుసు. అప్పుడు ఆర్డినెన్సు తెచ్చారు, 2011లో చట్టం చేశారు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టం ఆర్‌బీఐ దగ్గర రిజిస్టరైన కంపెనీలకు వర్తించదని చెప్పింది. ఆ తర్వాత మా వాడల్లోకి మళ్లీ కలెక్షన్ బైకులు వచ్చాయి. తీర్పును తప్పుబట్టేంత చదువు నాకు లేదు. రాష్ట్ర చట్టం వర్తించనప్పుడు ఆర్‌బీఐ రూల్సయినా అమలు కావాలి కదా!

మా సంఘంలో బీడీలు చేసే ఒక చెల్లె ఉంది. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. ఒక నెల డబ్బు వస్తుంది, రెండు నెలలు రాదు. బిడ్డ నర్సింగ్ ఫీజు కోసం ఒక కంపెనీలో లోను తీసుకుంది. అది తీరకముందే రెండో కంపెనీ వాళ్లు ఇంటికే వచ్చి ఇచ్చారు. ఆ రెండింటి కిస్తీల కోసం మూడోది తీసుకుంది. ఇప్పుడు మూడింటికీ కలిపి నెలకు 11,200 రూపాయలు కట్టాలి. బీడీల మీద ఆమెకు వచ్చేది నెలంతా కష్టపడినా ఐదు వేలు దాటదు.

ఇంటి నెల ఆదాయంలో అన్ని అప్పుల కిస్తీలూ కలిపి సగం దాటకూడదని 2022 నుంచి ఆర్‌బీఐ రూలు ఉంది. ఏడాదికి 3 లక్షల వరకు ఆదాయం ఉన్న ఇంటికి ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ లోను. మరి ఈమెకు మూడో లోను ఎలా ఇచ్చారా అని ఫారం తెప్పించి చూశాను. నెల ఆదాయం 25,000 అని రాసి ఉంది. అంటే ఏడాదికి సరిగ్గా 3 లక్షలు. అందులో సగం 12,500, కిస్తీలు 11,200. కాగితం మీద లెక్క చక్కగా కుదిరింది. ఆ అంకె తను చెప్పలేదని ఆమె అంటోంది. ట్యాబ్‌లో వాళ్లే కొట్టుకుని, ఇక్కడ వేలు పెట్టమన్నారట. ఇలాంటి ఫారాలు మా ఒక్క ఊళ్లోనే ఎన్ని ఉన్నాయో ఒక్కసారి తెప్పించి చూడండి కలెక్టర్ గారూ.

ఇక వసూళ్ల సంగతి. ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోను కూడా చేయకూడదు. చుట్టాలను, స్నేహితులను వేధించకూడదు. అనుకున్న చోటికి మనిషి వరుసగా రెండుసార్లు రాకపోతేనే ఇంటికి రావాలి. ఇవన్నీ ఆర్‌బీఐ రాసినవే. ఆమె మొదటిసారి కిస్తీ తప్పిన రోజే, రాత్రి ఎనిమిదిన్నరకు ఇద్దరు వచ్చి గడప దగ్గర కూర్చున్నారు. డబ్బు చేతిలో పడేదాకా ఇక్కడి నుంచి లేవం అన్నారు. లోపల పరీక్షకు చదువుకుంటున్న పిల్ల ఏడుస్తూ కూర్చుంది. ఆమె మరిదికి ఫోను చేసి, మీ వదిన అప్పు ఎగ్గొడుతోందని చెప్పారు. మర్నాడు అందరూ కలిసి కిస్తీలు కట్టే సెంటర్ మీటింగ్‌లో మిగతా ఆడవాళ్లను కూడా కదలనివ్వలేదు. ఈమె కట్టేదాకా ఎవరూ ఇంటికి పోవద్దన్నారు. పనులు పాడైన కోపంతో వాళ్లు ఈమెనే తిట్టారు. ముప్పై ఏళ్లుగా కలిసి పొదుపు చేసుకుంటున్న ఆడవాళ్ల మధ్య ఇంత చిచ్చు పెట్టారు. చివరికి పుస్తెలతాడు కుదువబెట్టి కట్టింది.

2025 ఫిబ్రవరిలో ఆర్‌బీఐ ఆర్థిక అక్షరాస్యతా వారోత్సవాలు మహిళల కోసమే జరిగాయి. ఆదాయం చూసి అప్పు చేయాలి, వడ్డీ ఎంతో అడగాలి, కిస్తీ తప్పకూడదు అని మాకు చెబుతూనే ఉన్నారు. ఆ మాటలన్నీ నిజమే, నేను కూడా మీటింగుల్లో అవే చెబుతాను. మాకు లెక్క తెలియక కాదండీ. సంఘానికి 3 లక్షల దాకా బ్యాంకు లోను 7 శాతానికే వస్తుందనీ, కంపెనీ లోను వడ్డీ అంతకు మూడింతల దాకా ఉంటుందనీ మా సభ్యులందరికీ తెలుసు. కానీ పాత లోను తీరి, తీర్మానం రాసి, బ్యాంకు మేనేజరు సంతకం పెట్టి కొత్తది వచ్చేసరికి నెలలు గడుస్తాయి. కాలేజీ ఫీజు గడువు, ఆస్పత్రి ఖర్చు అంతవరకు ఆగవు. కంపెనీ వాళ్లు రెండు రోజుల్లో ఇస్తారు. అప్పు తీసుకునేవాళ్లకు ఇన్ని జాగ్రత్తలు చెప్పే అధికారులు, ఇచ్చేవాళ్లను కూర్చోబెట్టి ఒక్క జాగ్రత్త చెప్పిన రోజు మా మండలంలో నేను చూడలేదు.

మాఫీ అడగడం లేదు. తీసుకున్నది కడతాం, కాస్త గడువు ఇప్పించండి. బ్యాంకర్ల జిల్లా సంప్రదింపుల కమిటీ (డీసీసీ) మీటింగ్‌కు మీరే అధ్యక్షులు. ఆ మీటింగ్‌కు ఈ కంపెనీల మేనేజర్లను పిలవండి, మమ్మల్ని కూడా పిలవండి. ఫారాల్లో రాసిన ఆదాయం ఎక్కడి నుంచి వచ్చిందో మా ముందే అడగండి. ఏ వేళలో రావచ్చో, ఏ మాట అనకూడదో తెలుగులో రాయించి ప్రతి పంచాయతీ ఆఫీసు దగ్గర బోర్డు పెట్టించండి. రాత్రి పూట ఇంటి మీదికి వస్తే ఫిర్యాదు తీసుకోవాలని పోలీసు స్టేషన్లకు ఒక మాట చెప్పండి, అక్కడికి పోతే అప్పు కట్టుకోండని మమ్మల్నే వెనక్కి పంపుతున్నారు. కర్ణాటకలో ఇలాంటి వేధింపుల మీద 2025 ఫిబ్రవరిలోనే ఆర్డినెన్సు తెచ్చారు, మన దగ్గర కూడా అలాంటిది తెమ్మని ప్రభుత్వానికి మీరు రాయండి. ఎమర్జెన్సీకి సంఘం నుంచి వారంలో చిన్న లోను అందేలా ఏదో ఒక దారి చూడండి.

ఆ చెల్లెకు వచ్చే సోమవారం మళ్లీ కిస్తీ ఉంది. భర్త నుంచి ఇంకా డబ్బు రాలేదు. దయచేసి ఆలోపే కంపెనీ వాళ్లతో మాట్లాడండి.

ఇట్లు,
ఒక గ్రామ మహిళా సంఘం లీడర్