పొద్దున ఐదింటికి ఆ గ్రౌండ్ గేటు తీయించండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

నేను ఒంగోలులో ఉంటాను, మద్దిపాడు మండలంలో గవర్నమెంట్ స్కూల్లో లెక్కల టీచర్ని, వయసు 43. పేపర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఎక్కువైందనిపిస్తే మధ్యలో ఎక్కడన్నా కట్ చేసుకోండి గానీ మా ఇంటి దగ్గర గ్రౌండ్ గేటుకి వేసిన తాళం గురించి రాసిన ముక్క మాత్రం తీసేయొద్దండి, అసలు రాస్తోందే దాని కోసం.

పోయిన నెల వైజాగ్‌లో నేవీ వాళ్ళు ఏటా పెట్టే మారథాన్‌కి వెళ్ళి హాఫ్ పరిగెత్తొచ్చాను. 21.0975 కిలోమీటర్లు, 2 గంటల 48 నిమిషాలు పట్టింది. స్పీడుగా పరిగెత్తేవాళ్ళకి ఇది పెద్ద టైమేం కాదు, నాకు మాత్రం చాలా పెద్దది, ఎందుకంటే దానికి పద్నాలుగు నెలల ముందు నా కుడికాలి ముందెముక చిట్లింది, అప్పుడు మా సందు చివర పాలబూత్ దాకా కూడా నడవలేకపోయాను.

చిట్లిందంటే అందరూ బండి మీంచి పడ్డావా అనే అడిగారు. పడలేదండి. అప్పటికి నేను రోజూ పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు పరిగెత్తేదాన్ని, గ్రౌండ్‌కి తాళం కాబట్టి సిమెంట్ రోడ్డు మీదే. దసరా సెలవులొచ్చాయి, స్కూల్ లేదు, టైముంది, డిసెంబర్‌లో వైజాగ్‌కి పేరిచ్చి డబ్బులు కట్టేసి ఉన్నాను, రెండు వారాల్లో నాలుగు కాస్తా పది చేసేశాను. పదో రోజు నుంచి చీలమండకి జానెడు పైన ఎముక లోపలి అంచు మీద నొప్పి మొదలైంది. పిక్కంతా కాదు, రూపాయి బిళ్ళంత చోట. బొటనవేలితో అక్కడ నొక్కితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, పక్కకి ఒక అంగుళం జరిపి నొక్కితే ఏమీ ఉండేది కాదు.

ఒక ఆస్పత్రిలో చూపించుకుంటే ఎక్స్‌రే తీసి ఏమీ లేదు కండ పట్టేసింది అన్నారు, ఈ వయసులో పరుగులెందుకమ్మా వాకింగ్ చేసుకో చాలు అని కూడా అన్నారు, నొప్పి మాత్రలు రాశారు. ఆ మాత్రలు వేసుకుని ఇంకో తొమ్మిది రోజులు పరిగెత్తాను. మాత్ర పని చేసినంతసేపు నొప్పి తెలియదు కదా, అదే పెద్ద తప్పు. తర్వాత ఒకరోజు రాత్రి పడుకున్నా కూడా కాలు సలపడం మొదలైంది, అప్పుడు ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన ఎమ్మారై తీయించి స్ట్రెస్ ఫ్రాక్చర్ అన్నారు. మొదటి రెండు మూడు వారాల్లో ఇది చాలాసార్లు ఎక్స్‌రేలో కనపడదంట.

ఆయన చెప్పింది నాకు బాగా గుర్తుంది. మనం బరువు పెంచేకొద్దీ ఎముక కూడా తనని తాను బాగుచేసుకుంటుంది, ముందు పాత ఎముకని కొంచెం తినేసుకుని ఆ చోట కొత్తది కట్టుకుంటుంది, కట్టడానికి వారాలు పడుద్ది, ఈలోగా మనం రోజూ మోదుతానే ఉంటే తినేసిన చోటు నిండక సన్నగా పగులుద్ది. పాత గోడ కూల్చి కొత్తది లేపకముందే పైన స్లాబ్ పోసినట్టన్నమాట. దానికితోడు బ్లడ్ టెస్టులో విటమిన్ డి 14 వచ్చింది, 20 కన్నా తక్కువుంటే లోపం అంట. ఇంత ఎండలుండే ఒంగోల్లో ఉండి కూడా, పొద్దున ఎండ రాకముందే ఇంటికొచ్చి, పగలంతా క్లాస్‌రూంలో ఉండి, స్కూటీ మీద చేతులకి గ్లోవ్స్ మొహానికి స్కార్ఫ్ కట్టుకుని తిరిగితే ఇంక ఎండ ఎక్కడ తగులుద్ది. వారానికోసారి 60,000 యూనిట్ల పొడి పాలల్లో కలుపుకుని ఎనిమిది వారాలు తాగాను. మా అత్తయ్య రోజూ రాత్రి రాగిసంకటి చేసి పెట్టింది.

మొదటి మూడు వారాలు కాలికి బూటు లాంటిది వేశారు, పరుగు మొత్తానికి తొమ్మిది వారాలు బంద్. స్కూల్‌కి బస్సులో వెళ్ళేదాన్ని. నేను ఒక్కమాట అడక్కుండానే టెన్త్ పిల్లలు బోర్డు పక్కన కుర్చీ తెచ్చిపెట్టారు, నేను కూర్చునే లెక్క చెప్తుంటే ఒక పిల్ల లేచొచ్చి సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాసేది. ఆ డిసెంబర్ వైజాగ్ వెళ్ళలేదు, వెళ్ళినవాళ్ళ ఫోటోలు ఫోన్లో చూసి ఫోన్ పక్కన పడేసి ఏడ్చాను, ఇది దాచుకోవాల్సిన విషయం అని నేననుకోవడం లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తిరిగి పరుగు మొదలుపెట్టే ముందు ఫిజియోథెరపిస్ట్ గారు పెట్టిన రూల్స్ ఏంటంటే, అరగంట గబగబా నడిచినా నొప్పి రాకూడదు, నొప్పున్న కాలి మీద మునివేళ్ళతో పైకి లేవడం పాతికసార్లు చేయగలగాలి, తర్వాత ఒక నిమిషం పరుగు రెండు నిమిషాల నడక, అలా పదిసార్లు. పరిగెత్తేటప్పుడు, ఆ రాత్రి, మర్నాడు పొద్దున మంచం దిగి కాలు కింద పెట్టినప్పుడు, ఈ మూడు సార్లలో ఎప్పుడు ఎముక మీద నొప్పొచ్చినా పెంచకూడదు, వెనక్కి ఒక మెట్టు దిగాలి. అన్నిటికన్నా ముఖ్యం అని ఆవిడ చెప్పింది, నొప్పొచ్చిన చోటే ఆగిపోవాలి, ఇంకొంచెం దూరమే కదా అని లాగకూడదు.

ఇది రోడ్డు మీద ఎలా కుదురుద్ది చెప్పండి? ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు వెళ్ళాక నొప్పొస్తే ఆ చిట్లిన కాలితోనే మూడు కిలోమీటర్లు వెనక్కి రావాలి, చీకట్లో ఆటో కూడా దొరకదు. గ్రౌండ్‌లో అయితే ఒక రౌండ్ 400 మీటర్లు, నొప్పి ఎక్కడొచ్చినా ఆగి నాలుగడుగులేస్తే బ్యాగు, నీళ్ళ బాటిల్, స్కూటీ. రోడ్డు మీద ఇంకోటి కూడా ఉంది, నీళ్ళు పోవడానికి రోడ్డుని అంచులకి వాలుగా వేస్తారు, అంచున పరిగెత్తితే ఎప్పుడూ ఒక కాలు పల్లంలో పడుద్ది. మధ్యలో పరిగెత్తుదామంటే లారీలు. కుక్కలు వెంటపడితే మామూలు మనిషి పరిగెత్తుతాడు, ఎముక అతుక్కుంటున్న మనిషి ఏం చేయాలి. ఐదింటికి చీకట్లో ఒంటరిగా ఆడమనిషి రోడ్డు మీద పరిగెత్తుతుంటే బండ్లు స్లో చేసి చూసేవాళ్ళ గురించి నేను వేరే రాయక్కర్లేదు, ఇది చదివే ఆడవాళ్ళకి తెలుసు. సిమెంట్ రోడ్డు వల్లే ఎముక చిట్లిందని నేను అనడం లేదు, డాక్టర్ గారు కూడా గబగబా పెంచడమే మెయిన్ కారణం అన్నారు. కానీ కోలుకునే మనిషికి కావాల్సింది ఎక్కడంటే అక్కడ ఆగగలిగే చోటు, అది గ్రౌండ్ ఒక్కటే.

మా ఇంటికి దగ్గర్లో ఒక గ్రౌండ్ ఉంది, పేరు రాయను. అక్కడ వాచ్‌మన్ తాత నా కాలి సంగతి విని పొద్దున ఐదింటికి చిన్న గేటు తీసేవాడు. మొదటిరోజు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది, సంక్రాంతి వెళ్ళిన వారం, మంచు పడి మట్టి తడిగా మెత్తగా ఉంది, గోల్‌పోస్ట్ దగ్గర నిలబడి ఫోన్లో ఒక నిమిషం టైమర్ పెట్టుకున్నాను. ఒక నిమిషం అంటే వేపచెట్టు దాకా, అంతే. వేపచెట్టు దగ్గర ఆగి వంగి బొటనవేలితో ఆ చోట నొక్కి చూసుకున్నాను. నొప్పి లేదు. మళ్ళీ రెండు నిమిషాలు నడిచాను. తాత గేటు దగ్గర బీడీ పారేసి ఏంటమ్మాయ్ బానే ఉందా అని గట్టిగా అడిగాడు, బానే ఉంది తాతా అన్నాను.

అలా ఒక నిమిషం రెండైంది, రెండు ఐదైంది, ఉగాది నాటికి ఆగకుండా అరగంట పరిగెత్తాను. మే నెలలో ఒంగోలు ఎండకి ఆరున్నర తర్వాత బయట ఉండలేం, అందుకే గేటు ఐదింటికి అని అడుగుతున్నా, ఏడింటికి తీస్తే ఎండాకాలం ఎవరికీ పనికిరాదు. ఇంట్లో వంటగది గుమ్మం మెట్టు మీద రోజూ మునివేళ్ళ మీద లేచేదాన్ని, అన్నం ఉడికేలోపు మూడు సెట్లు అయిపోయేవి, పిక్క గట్టిగా ఉంటే ఎముక మీద పడే ఒత్తిడి కొంచెం అదే మోస్తుందంట. వర్షాకాలంలో బురదైనా మానలేదు. దసరాకి మళ్ళీ సెలవులొచ్చాయి, ఈసారి సెలవులని చెప్పి ఒక్క కిలోమీటర్ కూడా ఎక్కువ వెయ్యలేదు.

వైజాగ్‌కి మా ఆయన, పాప, నేను తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాం. లెక్కల టీచర్ని కదా, ట్రైన్‌లో కూర్చుని లెక్కేశాను, నిమిషానికి నావి 160 అడుగులు, కిలోమీటర్‌కి 8 నిమిషాలు, అంటే 1280 అడుగులు, మొత్తం మీద దాదాపు 27 వేలు, అందులో సగం పదమూడున్నర వేలసార్లు ఆ కాలి మీద పడాలి, పడిన ప్రతిసారీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు. లెక్క చూశాక భయమేసింది, పాపకి చెప్తే నాకెందుకు చెప్పావమ్మా అని అది కూడా భయపడింది.

తెన్నేటి పార్కు అటువైపు బీచ్ రోడ్డు ఎక్కుడు దిగుడుగా ఉంటుంది, మన ఒంగోల్లో నేను పరిగెత్తేదంతా చదును, ఎత్తు ఎక్కడం నాకు అలవాటు లేదు. తొమ్మిది నిమిషాలు పరుగు ఒక నిమిషం నడక అని ముందే అనుకున్నాను, మొదటి నుంచీ అలాగే చేశాను, పక్కవాళ్ళు దాటిపోతున్నా పట్టించుకోలేదు. పదహారో కిలోమీటర్ దగ్గర సరిగ్గా ఆ చోటే ఏదో చురుక్కుమంది. ఆగిపోయాను. పక్కకి వచ్చి ఫుట్‌పాత్ మీద కూర్చుని సాక్సు కిందకి లాగి బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుకుంటూ వెళ్ళాను, ఎముక మీద ఎక్కడా లేదు, వెనక కండ పట్టేసింది అంతే. రేసు పోయినా పర్వాలేదు అని నిజంగానే అనుకుని కూర్చున్నా, కండే అని తేలాక లేచి నడిచి, నడక పరుగైంది. ఫినిష్ దగ్గర పాప నన్ను చూసి ముందు కాలు అడిగింది, తర్వాతే మెడల్.

తిరిగొచ్చి రెండు రోజులు రెస్ట్ తీసుకుని మెడల్ తాతకి చూపిద్దామని గ్రౌండ్‌కి వెళ్తే చిన్న గేటుకి కూడా కొత్త తాళం. రాత్రిపూట ఎవరో గోడ దూకి తాగి సీసాలు పగలగొడుతున్నారని పైవాళ్ళు తాతని తిట్టారంట, ఇంక పొద్దున కూడా ఎవరినీ రానివ్వొద్దన్నారంట. సీసాల బాధ నాకు తెలియంది కాదు, లాంగ్‌జంప్ గుంట దగ్గర గాజుపెంకులు నా చేత్తో ఏరి సంచిలో వేసిన రోజులున్నాయి. కానీ రాత్రి తాగేవాళ్ళు గేటు తీస్తే రావడం లేదు కదండీ, గోడ దూకి వస్తున్నారు, తాళం వల్ల వాళ్ళు ఆగలేదు. ఆగింది మేమే. మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకుని కర్ర పట్టుకుని నాలుగు రౌండ్లు నడిచే పెద్దావిడ ఒకరు, గుండెకి స్టెంట్ వేయించుకున్న రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్ ఒకాయన, కాన్పు తర్వాత నడుం నొప్పితో వచ్చే అమ్మాయి ఒకతె, వీళ్ళెవరూ గోడ దూకలేరు.

గోడ దూకగలిగేది కానిస్టేబుల్ సెలక్షన్స్‌కి ప్రాక్టీస్ చేసే పిల్లలే. వాళ్ళని కూడా ఇప్పుడు తరిమేశారు, బైపాస్ సర్వీస్ రోడ్డు మీద పరిగెత్తుతున్నారు. సెలక్షన్‌లో 1600 మీటర్ల పరుగుంది కదా, మగపిల్లలకైతే ఎనిమిది నిమిషాల్లో అయిపోవాలి, నోటిఫికేషన్ పడ్డాక ఒక్కసారిగా మొదలుపెట్టి రోజుకి రెండు పూటలా పరిగెత్తుతారు. మొన్న ఆదివారం అందులో ఒక అబ్బాయి, నా దగ్గర చదువుకున్నవాడే, కాలికి స్ప్రే కొట్టుకుని మళ్ళీ పరుగందుకోబోతుంటే ఆపి ఎక్కడ నొప్పి నాయనా అని అడిగాను. బొటనవేలితో ఒక్కచోట నొక్కి చూపించాడు. మేడం ఇక్కడే, పక్కన ఏం లేదు అన్నాడు. నాకు కాళ్ళల్లో వణుకొచ్చింది. మూడు వారాల నుంచి ఉందంట, మాత్ర వేసుకుని వస్తున్నాడంట. వాణ్ణి స్కూటీ ఎక్కించుకుని ఇంటి దగ్గర దించి వాళ్ళమ్మకి చెప్పి డాక్టర్ దగ్గరికి పంపించాను. పిక్క ముందంతా పొడుగునా నొప్పుంటే అది వేరు, కొన్నాళ్ళు తగ్గించుకుంటే సర్దుకోవచ్చు, ఒక్కచోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి అయితే దయచేసి పరుగు ఆపి చూపించుకోండి, ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి తగ్గకపోతే మళ్ళీ వెళ్ళండి. ఇది ఆ పిల్లల తల్లిదండ్రులు చదవాలని రాస్తున్నాను.

అధికారులకి నా విన్నపం ఒక్కటే. సింథటిక్ ట్రాక్ అడగడం లేదు, జిమ్ సామాన్లు అడగడం లేదు. పొద్దున ఐదు నుంచి ఏడు దాకా చిన్న గేటు తీయండి, గోల్‌పోస్ట్ వైపు ఎప్పుడో పోయిన ఒక్క లైటు వేయించండి. రాత్రికి తాళం వేసుకోండి, దానికి మేమందరం సపోర్టే. మా స్కూల్ గ్రౌండ్లు కూడా చాలా ఊళ్ళల్లో పొద్దున పూట ఖాళీగానే ఉంటాయి, అక్కడి హెడ్మాస్టర్లు కూడా ఆలోచించాలని నా కోరిక, బెల్లు కొట్టేది తొమ్మిదింటికి కదా.

వాచ్‌మన్ తాత మీద ఇందుకోసం ఎవరూ కోపం చేయొద్దు, ఆయన చేసింది మేలే. పొద్దున వచ్చేవాళ్ళం పదకొండు మందిమి ఉన్నాం, అందరం పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ జిరాక్సులు ఇస్తాం. తాళంచెవి మాలో ఎవరో ఒకరికి రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని ఇచ్చినా చాలు, ఏడింటికల్లా గేటు వేసి తాత చేతికి అప్పజెప్తాం. మొదటి నెల ఐదింటికల్లా వచ్చి గేటు తీసే బాధ్యత నాది.

ఇట్లు
ఒక లెక్కల టీచర్
ఒంగోలు