ఇందిరమ్మ ఇంటికి ముగ్గు పోసే రోజే వికలాంగుల కొలతలు చూడాలి

సంపాదకుల వారికి,

తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ఇందిరమ్మ ఇళ్లలో వికలాంగుల వాటా గురించి తరచూ వార్తలు వస్తున్నాయి. ఆ వాటా దక్కాల్సిందే. 2016 వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ ప్రకారం గృహ పథకాల్లో 5 శాతం వారికి కేటాయించాలి, అందులో మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలి. కానీ మంజూరైన ఇంట్లోకి చక్రాల కుర్చీ వెళ్తుందా, ఆ ఇంటి లెట్రిన్‌ను ఆ మనిషి వాడుకోగలరా అని అడిగేవారు లేరు. ఇళ్ల నిర్మాణంలో, వికలాంగుల పునరావాసంలో పనిచేస్తున్న మేము చెప్పదలచింది ఒక్కటే. ఈ కొలతలు ముగ్గు పోసే రోజే ఖాయం కావాలి. బేస్‌మెంట్ లేచాక మార్చడం ఖర్చు, గోడలు లేచాక మార్చడం దాదాపు కుదరని పని.

మొదట ర్యాంపు సంగతి. మన ఊళ్లలో బేస్‌మెంట్‌ను రోడ్డు కంటే రెండడుగులు లేపడం మామూలు. వాన నీళ్ల భయం, సీసీ రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేస్తారన్న భయం రెండూ న్యాయమైనవే. అయితే ర్యాంపు వాలు 1:12 ఉండాలి, అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. రెండడుగులకు 24 అడుగులు కావాలి, పైగా కింద, పైన తలా ఐదడుగుల చదును. 75 గజాల జాగాలో ఇంటి ముందు అంత చోటెక్కడిది? అందుకని మేస్త్రీ నాలుగైదు అడుగుల్లో ముగిస్తాడు. అది మోటార్‌సైకిల్ ఎక్కించడానికి పనికొస్తుంది. చక్రాల కుర్చీలోని మనిషి దాన్ని సొంతంగా ఎక్కలేరు, వెనక నెట్టేవారి చెయ్యి జారితే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది.

దీనికి దారి ఉంది. బేస్‌మెంట్‌ను అడుగున్నరకు పరిమితం చేసి, పునాదులు తవ్విన మట్టితో వాకిలిని గేటు నుంచి మెల్లగా ఆరంగుళాలు లేపితే మిగిలేది అడుగే. దానికి 12 అడుగుల ర్యాంపు సరిపోతుంది. ఇంటిని జాగాలో ఒక పక్కకు జరిపి, రెండో పక్క నాలుగడుగులు వదిలితే గోడ వెంట అది పడుతుంది. నాలుగంగుళాల మందం కాంక్రీటుకు మూడు బస్తాల సిమెంటు చాలు. పైన టైల్స్ వద్దు, తడిస్తే జారతాయి. పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డంగా గీతలు గీయించాలి. అంచున చక్రం జారిపోకుండా నాలుగంగుళాల కట్ట, పట్టుకోవడానికి పైపు ఉండాలి. ఇంటిని పక్కకు జరపడమన్నది ముగ్గు పోసేటప్పుడే చేయగలం. ఆ పూట దాటితే ర్యాంపుకు చోటే ఉండదు.

తలుపుల విషయంలో లెక్క తప్పేది దర్వాజ దగ్గర. లెట్రిన్‌కు రెండున్నర అడుగుల దర్వాజ పెడతారు. రెండు పక్కల చట్రం ఐదంగుళాలు తింటుంది, తెరిచిన తలుపు మందం మరో అంగుళంపైన. మిగిలేది 24 అంగుళాల లోపు. చక్రాల కుర్చీ వెడల్పే 25, 26 అంగుళాలుంటుంది, చక్రం తిప్పే చేతులకూ చోటు కావాలి. నికరంగా 900 మిల్లీమీటర్ల దారి రావాలంటే మూడున్నర అడుగుల దర్వాజ చేయించాలి. గడప తీసేయమంటే ఇంటివాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. గడప చెక్కను ఫ్లోరింగ్‌లోకి దించి, అరంగుళం మించి పైకి రాకుండా అంచులు చెక్కితే పసుపూ కుంకుమా పెట్టుకోవచ్చు, కుర్చీ కూడా దాటుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది లెట్రిన్‌తోనే. చాలా ఇళ్లలో మూడడుగుల లెట్రిన్, నాలుగడుగుల స్నానాల గది విడివిడిగా కడతారు. రెంటిలోనూ కుర్చీ తిరగదు. కుర్చీ తిరగడానికి ఐదడుగుల వృత్తం కావాలి. మధ్య గోడ మానేసి, లోతు ఐదడుగులు పెడితే ఐదు బై ఏడడుగుల చిల్లర గది వస్తుంది, ఒక గోడ ఖర్చూ మిగులుతుంది. కమోడ్ సీటు ఎత్తు 450 నుంచి 480 మిల్లీమీటర్లు, దాని మధ్య గీత పక్క గోడకు 450 దూరంలో ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోనికి తెరుచుకునే తలుపును ఆ ఒళ్లే అడ్డుకుంటుంది, బయటివాళ్లు తోసినా రాదు. పట్టుకునే కడ్డీని నాలుగున్నర అంగుళాల గోడకు ప్లాస్టిక్ ప్లగ్గులతో బిగిస్తే కొద్ది రోజుల్లోనే ఊడొస్తుంది, అదీ మనిషి బరువంతా దాని మీద వేసినప్పుడు. కడ్డీ వచ్చే చోట గోడ కట్టేటప్పుడే కాంక్రీటు దిమ్మె పెట్టించాలి, లేదా గోడకు ఈ పక్క నుంచి ఆ పక్కకు వచ్చే బోల్టు వేయాలి.

కండరాల క్షీణత ఉన్నవారిని మంచం నుంచి కుర్చీలోకి మార్చడానికి ముందు ముందు లిఫ్టింగ్ హుక్ అవసరం పడుతుంది. స్లాబ్ పోసే రోజు మంచం పైన, కమోడ్ పైన 12 మిల్లీమీటర్ల ఇనుప కొక్కేలను స్లాబ్ కడ్డీలకు కట్టి వదిలేయాలి. స్విచ్ బోర్డులు మూడడుగుల ఎత్తులో ఉంటే కూర్చున్నవారికీ అందుతాయి. చేతివేళ్లు పోయిన కుష్ఠు బాధితులకు తిప్పే కొళాయి కాదు, మీట కొళాయి కావాలి. చెవిటివారికి కాలింగ్ బెల్లుతో వెలిగే లైటు, చూపు మందగించినవారికి గోడకు భిన్నమైన రంగు దర్వాజ పెడితే ఎంతో మేలు.

ఇవన్నీ ఇష్టమైతే పాటించే సలహాలుగా మిగలకూడదు. వికలాంగులకు అన్నిచోట్లా అందుబాటు ఉండాలని వేసిన రాజీవ్ రాటూరి కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2016 చట్టం కింద చేసిన 2017 నిబంధనల్లోని 15(1) నియమం ఆ చట్టానికి విరుద్ధమని, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయానిది. ఆ నివేదిక తయారైన రాష్ట్రమే ముందుగా అమలు చేయడం సబబు.

అమలుకు కొత్త వ్యవస్థ అక్కర్లేదు. సదరం (వైకల్య ధ్రువీకరణ) వివరాలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. లబ్ధిదారు కుటుంబంలో వికలాంగులుంటే ముగ్గు పోయడానికి వచ్చే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) చేతిలో వేరే నమూనా ఉండాలి. బేస్‌మెంట్ అయ్యాకే మొదటి లక్ష విడుదలవుతుంది కాబట్టి, ర్యాంపు చోటు, లెట్రిన్ కొలతలు టేపుతో సహా కనిపించే ఫొటో ఆ బిల్లుకు షరతు కావాలి. దర్వాజ కొలత తర్వాతి బిల్లుకు. షరతు పెట్టి డబ్బు ఇవ్వకపోతే భారం పేదవాడి మీదే పడుతుంది. ఇంటికిచ్చే 5 లక్షలకు అదనంగా కొంత మొత్తం ఇవ్వాలి. నిర్మాణం ఆగిన ఇళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించింది. అలాంటి వెసులుబాటు రెండు రాష్ట్రాల్లోనూ వికలాంగులకు దక్కాలి.

లిఫ్టు లేని జీ ప్లస్ 3 సముదాయాల్లో గ్రౌండ్‌ఫ్లోర్ ఇళ్లను లాటరీకి ముందే పక్కన పెట్టాలి. పైఅంతస్తులో ఇల్లు వచ్చాక పక్షవాతమో ప్రమాదమో జరిగినవారికి, కింది ఇంటివాళ్లు ఒప్పుకుంటే ఇళ్లు మార్చుకునే వీలు ఉత్తర్వుల్లో రాయాలి.

బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు కొలతల కన్నా పెద్ద దిగులు మరొకటుంది. ఇల్లు సాధారణంగా తల్లి పేరున మంజూరవుతుంది. ఆమె తర్వాత ఆ బిడ్డ ఆ ఇంట్లో ఉండగలడా? మంజూరు పత్రంలో తల్లితో పాటు బిడ్డ పేరు చేర్చాలి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ నియమించే సంరక్షకుడి వివరాలు ఆ పత్రానికి జతచేయాలి. కమిటీ అనుమతి లేకుండా ఆ ఇంటి హక్కు చేతులు మారకూడదని అందులోనే రాయాలి.

ఇట్లు
కొందరు సివిల్ ఇంజినీర్లు, పునరావాస నిపుణులు
హనుమకొండ