రాచకొండ గుట్టల గురించి కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

రాచకొండ చూడటానికి వచ్చేవారి వల్ల కోటకూ, మేత భూములకూ జరుగుతున్న నష్టం గురించి కింది కార్యాలయాల్లో ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు కనుక నలుగురి ముందూ తమకు విన్నవించుకుంటున్నాం.

రేచర్ల పద్మనాయకులు 14వ శతాబ్దంలో రాజధాని చేసుకున్న రాచకొండ కోట గోడలు పెద్ద రాళ్లను సున్నం లేకుండా పేర్చి కట్టినవి. ఆ రాళ్లను కదలకుండా పట్టి ఉంచేది సందుల్లో బిగించిన చిన్న రాళ్లే. ఫొటోల కోసం గోడలెక్కేవారి కాళ్ల కింద మొదట రాలేవీ అవే. ఆ సందుల్లోంచి వాననీరు దిగి, లోపలి మట్టి నాని, గోడ ఉబ్బి కూలుతుంది. గుప్తనిధుల తవ్వకాల సంగతి తమరికి తెలియనిది కాదు.

గుట్టల మీది మేత భూములది ఇంకో గోస. పగిలిన సీసా పెంకు గొర్రె గిట్టల మధ్య దిగితే పుండై, వానాకాలంలో పురుగు పడుతుంది. ఉప్పు అంటిన చిప్స్ కవర్లను మేకలు నమిలి మింగుతాయి. అవి పొట్టలో ఉండకట్టి నెమరు ఆగిపోతుంది. కోసి చూస్తే తప్ప కారణం బయటపడదు. శివరాత్రి దాటాక ఎండుగడ్డికి వంటపొయ్యి నిప్పురవ్వ ఒక్కటి చాలు. గడ్డి కాలితే తొలకరి దాకా కాపరి మేత కొనాలి, లేదా మందను తోలుకొని వలస పోవాలి.

చూడటానికి వచ్చేవారిని వద్దనడం లేదు. అది చూడాల్సిన చోటే. గుట్ట కిందే సీసాలు, ప్లాస్టిక్ ఆపే తనిఖీ పెట్టించండి. శివరాత్రి నుంచి తొలకరి వరకు పైన పొయ్యి వెలిగించడాన్ని నిషేధించండి. గోడల దగ్గర హెచ్చరిక బోర్డులు కావాలి. దారి చూపే పనిని తండాల యువకులకు జీతమిచ్చి అప్పగించండి. సీతాఫలాల కాలం మొదలయ్యేలోపు తమరు స్వయంగా గుట్ట ఎక్కి చూసి, రాతపూర్వకంగా బదులివ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
రాచకొండ గుట్టల కింది ఊళ్ల కాపరులు, రైతులు