నేను చెప్పిన మాట జాబ్ కార్డులో రాయండి

కస్టమర్ రిలేషన్స్ విభాగాధిపతి గారికి,
ప్రధాన కార్యాలయం.

విషయం: ఘాట్ రోడ్డులో ఇంజన్ వేడెక్కడం గురించి, అంతకంటే ముఖ్యంగా ఆ మాట మీవాళ్లు వినకపోవడం గురించి.

అయ్యా,

నా కారు చూపించడానికి తెచ్చినప్పుడల్లా మీ వర్క్‌షాపు వాళ్లు రాసి ఇచ్చిన జాబ్ కార్డులన్నీ ముందు పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రతి కార్డులోనూ 'కస్టమర్ వాయిస్' అని ఒక గడి ఉంటుంది. బండి తెచ్చినవాళ్లు ఏం చెప్పారో అది రాయాల్సిన చోటు. నా కార్డుల్లో ఒకచోట 'జనరల్ చెకప్' అని ఉంది, ఒకచోట 'కూలెంట్ టాపప్' అని ఉంది, ఇంకోచోట 'వాషింగ్' అని ఉంది. 'ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కుతోంది' అన్న మాట ఒక్క కార్డులోనూ లేదు. వెళ్లిన ప్రతిసారీ నేను చెప్పింది ఆ మాటే.

యంత్రం అన్నాక ఏదో ఒకటి పాడవుతుంది, అది నాకు తెలుసు. మా నాన్నగారు విజయనగరం రైల్వేస్టేషన్ స్టాండులో టాక్సీ నడిపారు. ఆయన బానెట్ ఎత్తి పని చేసుకుంటుంటే పక్కన టార్చిలైటు పట్టుకుని పెరిగినదాన్ని. పాడైన సామాను మీద నాకు కోపం లేదు. చెప్పిన మాట చెవిన పెట్టని మనుషుల మీదే నా కోపమంతా.

సంగతి ఇది. మా అత్తవారి ఊరు కోరాపుట్ దగ్గర. విజయనగరంలో బయలుదేరి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు చేరేవరకూ టెంపరేచర్ ముల్లు సగంలోంచి కదలదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికి పైకి పాకుతుంది. నలుగురూ కూర్చుని ఏసీ వేసుకుంటే ఎర్ర గీత దగ్గరకు వెళ్లిపోతుంది. ఏసీ ఆపి, ఆ ఎండలో హీటర్ పూర్తిగా తిప్పితే కొంచెం దిగుతుంది. పక్కకు ఆపి చూస్తే రేడియేటర్ ఫ్యాన్ గట్టిగా తిరుగుతూనే ఉంటుంది. ఇంజన్ ఆపేశాక రేడియేటర్ పై పైపు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, కింది పైపు గోరువెచ్చగా ఉంటుంది. రిజర్వ్ డబ్బాలో ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ మెల్లగా తగ్గుతోంది. కానీ బండి నిలబెట్టిన చోట నేల మీద తడి ఉండదు.

ఇందులో ఒక్క ముక్క కూడా దాచకుండా, ఇదే వరసలో, బైపాస్ దగ్గరున్న మీ సర్వీస్ సెంటర్‌లో చెప్పాను. అక్కడి అడ్వైజర్ నేను మాట్లాడుతున్నంతసేపూ ట్యాబ్‌లో ఏదో నొక్కుతూ, నేను ఆపగానే తల ఎత్తి, "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు. మావారికి డ్రైవింగ్ రాదు. బండి నాది, లోను కట్టేది నేను, నడిపేది నేను. ఆ మాట చెప్పాక కూడా బండి సిద్ధమైందని సాయంత్రం మావారికే ఫోన్ చేశారు. ఏం చేశారని ఆయన అడిగితే, "ఏమీ లేదు సార్, మేడమ్ ఊరికే టెన్షన్ పడుతున్నారు" అని చెప్పారట. ఆ ముక్క మావారు నాకు చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకోసారి వెళ్తే ఎండల వల్ల అన్నారు. ఉత్తరాంధ్ర ఎండలకి అందరి బళ్లూ ఇంతేనట. మరి అదే ఎండలో, అదే ఘాట్‌లో, నిండా సరుకేసుకుని లారీలు ఎక్కుతున్నాయి కదా అంటే జవాబు లేదు. ఆ తర్వాత స్కానర్ పెట్టి, "ఎర్రర్ కోడ్ ఏమీ లేదు, అంటే ప్రాబ్లమ్ లేదు" అన్నారు. కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటున్నా, రేడియేటర్ లోపల కొంత పూడిపోయినా స్కానర్‌లో కోడ్ పడాలని లేదు. అది మీ మెకానిక్‌లకు తెలియకుండా ఉంటుందా? టెస్ట్ డ్రైవ్ చేయమంటే కలెక్టరేట్ దాకా వెళ్లి వచ్చి, "ముల్లు సెంటర్‌లోనే ఉంది మేడమ్" అన్నారు. ఊళ్లో సెంటర్‌లోనే ఉంటుందని ముందే చెప్పాను! ఘాట్ మీద చూడండి అంటే అంత దూరం టెస్ట్ డ్రైవ్‌కి పర్మిషన్ లేదన్నారు. సరే, కూలెంట్ ఎక్కడైనా పోతోందేమో ఒత్తిడి పెట్టి చూసే ప్రెజర్ టెస్ట్ ఇక్కడే చేయండి అన్నాను. దానికి కస్టమర్ వాయిస్‌లో కంప్లైంట్ ఉండాలట. ఆ గడి నింపాల్సింది వాళ్లే. రాయమంటే, మాకు కనబడని ప్రాబ్లమ్ రాయకూడదు అన్నారు.

ఇదంతా అయ్యాక మర్నాడు పొద్దున్నే ఫీడ్‌బ్యాక్ కాల్ వచ్చింది. పదికి పది ఇవ్వండి మేడమ్, తక్కువిస్తే మా ఇన్సెంటివ్ పోతుంది అని ఆ అబ్బాయి బతిమాలాడు. అతని జీతం మీద నాకు కోపం ఏముంటుంది? కానీ బండి బాగవలేదు బాబూ, ఆ మాట రాసుకో అంటే, అతని దగ్గర అంకెలు నొక్కడమే తప్ప మాట రాసే వీలు లేదన్నాడు. వినడానికే ఫోన్ చేసిన మనిషికి కూడా నా మాట రాసుకునే చోటు ఇవ్వలేదు మీరు.

అప్పుడు మీ టోల్‌ఫ్రీకి చేశాను. తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కితే హిందీలో పలికారు. నాకు వచ్చిన హిందీలో అంతా చెప్పాను. విశాఖపట్నం పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్లమన్నారు. స్కూలుకి సెలవు పెట్టి తీసుకెళ్లాను. అక్కడివాళ్లు, విజయనగరం డీలర్ లెటర్ ఇస్తేనే వారంటీ కింద చూస్తామన్నారు. విజయనగరం మేనేజర్ గారు, అలాంటి లెటర్లు మేం ఇవ్వం, కంపెనీ వాళ్లే చెప్పాలి అన్నారు. మళ్లీ టోల్‌ఫ్రీకి చేస్తే, మీ డీలర్‌నే సంప్రదించండి అన్నారు. ప్రతిసారీ కొత్త టికెట్ నంబరు, ప్రతిసారీ మొదటి నుంచి కథ చెప్పాలి. పాతది చూడండి అంటే, అది క్లోజ్ అయింది మేడమ్ అంటారు. ఎవరు క్లోజ్ చేశారు? 'మీ ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చిన రోజు నేను ఘాట్‌లో రోడ్డు పక్కన బానెట్ ఎత్తి, పిల్లల్ని చెట్టు నీడన కూర్చోబెట్టి, బండి చల్లారడం కోసం చూస్తున్నాను. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ దీనితో జతపరిచాను.

ఆ రోజు నా మాట విన్నది ఎవరో కూడా చెప్పాలి. ఎలాగో వెనక్కి దిగి సాలూరు వచ్చాను. సాలూరు లారీలకు పేరున్న ఊరు కదా, మెయిన్ రోడ్డు మీద ఒక లారీ మెకానిక్ షెడ్డు కనిపిస్తే ఆపాను. పెద్దాయన. చెయ్యి తుడుచుకుని వచ్చి మొదట బండిని చూడలేదు, నన్ను అడిగాడు. "ఏటమ్మా, ఊళ్లో వేడెక్కుతోందా, ఘాట్‌లోనా?" ఘాట్‌లో అన్నాను. "ఫ్యాన్ తిరుగుతోందా?" తిరుగుతోంది అన్నాను. "మరైతే ఫ్యాన్ గొడవ కాదు. ఫ్యాన్ ఆగిపోతే ఊళ్లో, ట్రాఫిక్‌లో వేడెక్కాలి. ఎత్తులో లోడు మీద ఎక్కుతోందంటే లోపల నీళ్లు సరిగ్గా తిరగట్లేదు" అన్నాడు. పైపులు రెండూ పట్టి చూశాడు. బాగా చల్లారేదాకా ఆగి, గుడ్డ వేసి రేడియేటర్ మూత తీశాడు. మూత లోపలి రబ్బరు వాషరు ఒక పక్క పగిలి ఉంది. మూతి చుట్టూ తెల్లగా ఎండిన చార. నా చేత వేలితో ముట్టించి చూపించాడు. ఆ మూత ఒత్తిడి పట్టి ఉంచితేనే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, ఇది పట్టట్లేదు, అందుకే కింద చుక్క కారకపోయినా డబ్బాలో తగ్గుతోంది అని చెప్పాడు. ఆయిల్ పుల్ల తీసి, ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారలేదు చూడమ్మా అన్నాడు. స్టార్ట్ చేయించి డబ్బాలో బుడగలు రావట్లేదని చూశాడు. కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయిన గుర్తులైతే కనబడలేదు, కానీ ప్రెజర్ టెస్ట్ చేయందే గట్టిగా చెప్పకూడదు, థర్మోస్టాట్ మాత్రం తీసి వేడినీళ్లలో వేసి చూడాల్సిందే అన్నాడు. వారంటీ ఉంది కాబట్టి నేను చెయ్యి పెడితే మీకే నష్టం, కంపెనీకే తీసుకెళ్లండి అని, డబ్బు కూడా తీసుకోలేదు.

తనకు సంబంధం లేని బండిని, తన కస్టమర్ కాని మనిషి తెస్తే ఆయన అన్ని ప్రశ్నలు అడిగాడు. మీ ఏసీ లాంజ్‌లో కాఫీ ఇచ్చారు, ఒక్క ప్రశ్న అడగలేదు. ఆయన చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని మీ మేనేజర్ గారికి ఇస్తే, "బయట మెకానిక్‌కి చూపించారా? అయితే వారంటీ గురించి ఆలోచించాలి మేడమ్" అన్నారు. మూత తీసి చూసినందుకు బెదిరింపా? ఆ పగిలిన మూత మీరెందుకు చూడలేదు?

నా భయం ఏమిటో సూటిగా చెబుతాను. ఇలా వేడెక్కుతూ పోతే ఏదో ఒక రోజు సిలిండర్ హెడ్ వంగిపోతుంది, గ్యాస్కెట్ పోతుంది. ఆ రోజు మీరు, వేడెక్కిన బండిని నడపడం కస్టమర్ నిర్లక్ష్యం అంటారు. ఇంతకుముందు ఎప్పుడూ కంప్లైంట్ లేదు చూడండి అని ఈ జాబ్ కార్డులే తీసి చూపిస్తారు. ఎక్కువ డబ్బు కట్టి మరీ తీసుకున్న ఎక్స్‌టెండెడ్ వారంటీ గడువు దగ్గర పడుతోంది. మీరు క్లోజ్ చేసే ఒక్కో టికెట్‌తో నా గడువు కరిగిపోతోంది. ఆ గడిలో నా మాట రాయకపోవడం చిన్న పొరపాటు కాదు.

మా నాన్నగారు స్టాండులో తిప్పింది మీ కంపెనీ వ్యానే. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చిన చుట్టాలను, సింహాచలం వెళ్లేవాళ్లను, కాన్పులకు ఆసుపత్రికి వెళ్లేవాళ్లను ఆ బండిలోనే దింపారు. మా తమ్ముడు కొన్నది మీ బండి. నా మాట మీద మా స్కూల్లో టీచర్లు మీ బండి కొన్నారు. ఇప్పుడు వాళ్లు స్టాఫ్ రూములో, "ఏమైంది మేడమ్ మీ కారు?" అని అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టుంది. ఒక తరం నమ్మకం మీ చేతిలో పెట్టాం. ఒక ఫోన్ కాల్‌కి జవాబిచ్చేపాటి విలువ కూడా దానికి లేదా?

వేరే బండి ఇమ్మని, నష్టపరిహారం కట్టమని ఇంతవరకూ నేను అడగలేదు. నా ఫిర్యాదు నేను చెప్పిన మాటల్లోనే జాబ్ కార్డులో రాసి, సంతకం చేసి ఇవ్వాలి. కూలింగ్ సిస్టమ్ ప్రెజర్ టెస్ట్ నా కళ్ల ముందు చేయాలి. థర్మోస్టాట్, వాటర్ పంపు, రేడియేటర్, మూత చూసి, దేంట్లో ఏముందో కాగితం మీద ఇవ్వాలి. తేలినది వారంటీ కింద బాగుచేసి, ఘాట్ మీద నడిపి చూపించాలి. ఇది తేలేలోపు వారంటీ గడువు ముగిస్తే అది నా లెక్కలో వేయకూడదు. 'పరిష్కరించబడింది' అని అబద్ధం రాసి మూసేసిన టికెట్లన్నీ తిరిగి తెరవాలి.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, ఈమెయిల్ కూడా చేశాను. అందిన వారం రోజుల్లో జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను. అక్కడితో ఆగను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుంటున్న జిల్లాలోనే కేసు వేసే హక్కు నాకుంది. మీ హెడ్ ఆఫీసు ఎక్కడున్నా సరే, విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్ ముందుకు మీరే రావాలి. అవసరమైతే పరీక్ష చేయించే అధికారం కమిషన్‌కు ఉంది. అప్పుడు ఆ పరీక్షతో పాటు ఈ జాబ్ కార్డులు, స్క్రీన్‌షాట్లు, కాల్ వివరాలు, పగిలిన మూత ఫోటో అన్నీ అక్కడే పెడతాను. అప్పుడు నష్టపరిహారం కూడా అడుగుతాను.

బండి మా ఇంటి దగ్గరే ఉంది, నేను నడపడం మానేశాను. తీసుకెళ్లడానికి మీవాళ్లే రావాలి. వచ్చే ముందు ఫోన్ నాకు చేయాలి, మావారికి కాదు. నంబరు మీ రికార్డుల్లో ఉంది. ఆదివారం తప్ప సాయంత్రం అయిదు దాటాక ఎప్పుడైనా దొరుకుతాను.

ఇట్లు,
మీ కస్టమర్,
విజయనగరం.